అరువు యాదృచ్ఛికత: అంకెల పట్టికల నుంచి ఖరగ్‌పూర్ చిప్‌ల దాకా

ఒక సర్వర్ మీద పది వర్చువల్ యంత్రాలు నడుస్తుంటే వాటిలో ప్రతి ఒక్కటీ తానే అసలు కంప్యూటర్‌నని అనుకుంటుంది. అలాంటి యంత్రాన్ని గెస్ట్ అంటారు. దాన్ని మోసే ఇనుప యంత్రం హోస్ట్. గెస్ట్‌కు హోస్ట్ ప్రాసెసర్ సమయం పంచుతుంది, మెమరీ ఇస్తుంది, ఒక ఫైలును డిస్కుగా చూపిస్తుంది. వీటితో పాటు ఇవ్వవలసింది మరొకటి ఉందని ఈ రంగం చాలా ఆలస్యంగా గుర్తించింది. అది ఎవరూ ముందుగా పసిగట్టలేని అంకెలు. సంకేత భద్రతకు వాడే కీలన్నీ వాటి నుంచే పుట్టాలి. ఒకే లెక్కను ఎన్నిసార్లు చేసినా ఒకే జవాబిచ్చే యంత్రం అలాంటి అంకెలను లెక్కకట్టి పుట్టించలేదు. అవి ఏదో ఒక భౌతిక వస్తువులో, వేడివల్లనో విద్యుత్ రొదవల్లనో పుట్టాలి. గెస్ట్‌కు సొంత వస్తువంటూ లేదు కాబట్టి అరువు తెచ్చుకోక తప్పదు.

యాదృచ్ఛికతను ఒకచోట తయారుచేసి, అది లేనివాళ్ళకు పంచే పని కంప్యూటర్ల కంటే ముందే మొదలైంది. ఆ చరిత్రలో ఒక ముక్క హౌరా–వాల్తేరు రైలు మార్గం వెంట సాగింది.

1927లో ఇంగ్లండులో ఎల్. హెచ్. సి. టిప్పెట్ 41,600 అంకెలతో ఒక పట్టిక అచ్చువేశాడు. జనాభా లెక్కల నివేదికల్లోని సంఖ్యల నుంచి అంకెలు తీసుకుని వరుసగా పేర్చిన పుస్తకం అది. అందులో చదవడానికి ఏమీ లేదు. అయినా గణాంకవేత్తలకు అంతకుముందు దొరకని సరుకు అది. సంచీలో చీట్లు వేసి కలిపి తీయడం ఎంత నమ్మరాని పనో వాళ్ళకు అనుభవం మీద తెలుసు. చీట్లు సరిగా కలవవు, తీసే చెయ్యి తెలియకుండానే ఒకవైపుకు పోతుంది. 1931 డిసెంబరులో కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఈ పట్టికను వెంటనే పనిలో పెట్టింది. 1934లో మహలనోబిస్ బృందం టిప్పెట్ అంకెల ఆధారంగా కొత్త పట్టికలు తయారుచేసి తమ సాంఖ్య పత్రికలో ప్రచురించింది.

అక్కడ ఈ అంకెలకు అసలు పని పొలాల్లో దొరికింది. బెంగాల్‌లో జనపనార పంట ఎంత విస్తీర్ణంలో వేశారో తేల్చడానికి 1937లో మొదలైన నమూనా సర్వే 1941 నాటికి రాష్ట్రమంతా పాకింది. గ్రామ పటం మీద ఎక్కడ చూడాలో సర్వే మనిషి ఎంచుకోకూడదు. ఎంచుకోమంటే బాటపక్క పొలమే ఎంచుకుంటాడు, ఏపుగా ఉన్న మడి దగ్గరే ఆగుతాడు. అందుకని యాదృచ్ఛిక సంఖ్యలతో పటం మీద చోట్లు ముందే గుర్తించి, ఆ చోటికే వెళ్ళి చూడమని పంపేవారు. మడుగు వచ్చినా, బంజరు వచ్చినా రాసుకోవలసిందే. రేపు ఎవరైనా అనుమానపడితే అదే పుస్తకం, అదే పేజీ, అదే వరుస తెరిచి పని మొత్తాన్ని తిరిగి చూసుకోవచ్చు. అందరి దగ్గరా ఒకే పట్టిక ఉండటమే ఆనాడు ఆ సరుకుకు విలువ. ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాతి కథంతా ఆ విలువ తలకిందులు కావడమే.

ఆ సంస్థలో 1941లో చేరిన యువకుడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ విశాఖపట్నం నుంచి కలకత్తా వెళ్ళి, చివరికి గణాంకశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఎస్. కె. మిత్ర, ఎ. మథాయ్‌లతో కలిసి ఆయన కూర్చిన సూత్రాలు, పట్టికల గ్రంథం 1966లో వచ్చింది. తర్వాతి కాలపు స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్ పుస్తకంలో యాదృచ్ఛిక సంఖ్యల పుట్టుక గురించి, ఉపయోగం గురించి సామాన్య పాఠకుడికి అర్థమయ్యేలా రాశాడు. ఆయన పేరుతో 2007లో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలిసిన పరిశోధన సంస్థలో సంకేతశాస్త్రం ఒక ముఖ్య శాఖ. పంట సర్వేల అంకెలు రహస్యాల అంకెలుగా మారిన దారి ఒక్క మనిషి పేరు మీదుగా కూడా కనిపిస్తుందన్నమాట.

పట్టికల తర్వాత యంత్రాల వంతు వచ్చింది. 1938లో కెండాల్, బాబింగ్టన్ స్మిత్ తిరిగే పళ్ళెం మీద ఉన్నట్టుండి వెలుగు పడేసి, ఆ క్షణాన కనిపించిన అంకె రాసుకునే పద్ధతి పెట్టి లక్ష అంకెలు పోగుచేశారు. అమెరికాలో రాండ్ సంస్థ 1947లో ఎలక్ట్రానిక్ రొద నుంచి అంకెలు తీయడం మొదలుపెట్టి 1955లో పది లక్షల అంకెల పుస్తకం వేసింది. ఆ యంత్రం ఇచ్చిన అంకెల్లో చిన్న పక్షపాతం కనబడితే, కార్డుల మీది అంకెలను ఒకదానితో ఒకటి కలిపి పదులు వదిలేసి సరిచేశారు. భౌతిక పరికరం ఎంత నిజాయితీగా చేసినా ఒకవైపుకు ఒరుగుతుందని, ఒరిగినదాన్ని లెక్కతో నిలబెట్టాలని అప్పుడే తెలిసిపోయింది.

1951లో మాంచెస్టర్‌కు చేరిన ఫెర్రాంటి మార్క్ 1 కంప్యూటర్లో అలన్ ట్యూరింగ్ సూచన మేరకు యాదృచ్ఛిక సంఖ్య కోసం ప్రత్యేకంగా ఒక ఆదేశం పెట్టారు. రొద నుంచి ఒక్కసారికి 20 బిట్లు వచ్చేవి. అయినా ఆ ఏర్పాటు వంశం నిలవలేదు. ప్రోగ్రాములో తప్పు దొరికితే అదే అంకెలతో మళ్ళీ నడిపి చూడటం కుదరదు కదా. శాస్త్రజ్ఞులకు కావలసింది మళ్ళీ మళ్ళీ వచ్చే అంకెలు. అందుకే సూత్రంతో పుట్టే నకిలీ యాదృచ్ఛిక సంఖ్యలు గెలిచి, హార్డ్‌వేర్ రొద దాదాపు నాలుగు దశాబ్దాలు మూలన పడింది. 1957 నుంచి బ్రిటన్ ప్రీమియం బాండ్ల లాటరీ తీసిన ఎర్నీ లాంటి ఒకటి రెండు యంత్రాలు మాత్రం నియాన్ గొట్టాల రొదను నమ్ముకుని కొనసాగాయి. డబ్బు విషయం కాబట్టి అక్కడ తిరిగి వచ్చే అంకె ఎవరికీ పనికిరాదు.

గెస్ట్, హోస్ట్ అనే ఏర్పాటు కూడా ఆ మధ్య కాలంలోనే పుట్టింది. ఐబీఎం 1972 ఆగస్టులో ప్రకటించిన వీఎం/370 ఒక్క పెద్ద యంత్రాన్ని ఎన్నో యంత్రాలుగా చూపించింది. అప్పట్లో గెస్ట్‌కు యాదృచ్ఛికత అక్కరలేదు, దానికి దాచుకోవలసిన కీలు లేవు. 1990ల మధ్యలో ఇంటర్నెట్ వాణిజ్యం వచ్చాకనే ఆ అవసరం తలెత్తింది. 1994లో థియడోర్ త్సో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌కు యాదృచ్ఛికత కోసం ఒక విభాగం రాశాడు. మీట నొక్కిన క్షణాలు, డిస్క్ స్పందించిన వేళలు, వాటి మధ్య సూక్ష్మమైన తేడాలు పోగుచేసి ఒక మడుగులో కలిపి, అందులోంచి అంకెలు తోడి ఇవ్వడం దాని పని. మరుసటి ఏడాది బర్క్‌లీ విద్యార్థులు ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ నెట్‌స్కేప్ బ్రౌజర్ కీలను విప్పి చూపించారు. ఆ కీలకు మూలం గడియారంలో సమయం, ప్రోగ్రాముల వరుస సంఖ్యలు మాత్రమే. అవి తెలిస్తే లోపలికి దారి దొరికినట్టే.

త్సో పద్ధతి మేజా మీది కంప్యూటర్‌కు సరిపోయింది. గెస్ట్‌కు సరిపోలేదు. దానికి కీబోర్డు లేదు, మౌస్ లేదు. దాని డిస్క్ హోస్ట్ మెమరీలో నిలువ ఉన్న ఫైలు కావడంతో ఇనుప పళ్ళెం తిరగడంలో ఉండే తడబాటు అందులో ఉండదు. దాని గడియారం కూడా హోస్ట్ చూపించినదే. పైగా ఒకసారి అమర్చి పెట్టిన మూల ప్రతి నుంచి వందల గెస్ట్‌లను నకళ్ళు తీయడం క్లౌడ్ వ్యాపారంలో రోజువారీ పని. మూల ప్రతిలో యాదృచ్ఛికత మడుగు ఏ స్థితిలో ఉందో నకళ్ళన్నీ అదే స్థితిలో కళ్ళు తెరుస్తాయి. పంట సర్వేలో అందరూ ఒకే పేజీ తెరవడం మంచిదైంది. ఇక్కడ ఇద్దరు ఒకే పేజీ తెరిస్తే ఇద్దరి తాళాలూ ఊడినట్టే.

ఎలా ఊడుతాయో చిన్న సంఖ్యలతో చూడవచ్చు. ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో బహిరంగ కీ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఒక యంత్రం 11, 13 ఎంచుకుని 143 ప్రకటించిందనుకుందాం. మరో యంత్రం అదే యాదృచ్ఛిక స్థితి నుంచి బయలుదేరి మొదట 11నే ఎంచుకుంది. ఆ తర్వాత కాస్త దారి మారి 17 తీసుకుని 187 ప్రకటించింది. చూసేవాడికి 11 గాని, 13 గాని, 17 గాని తెలియవు. 187 లోంచి 143 తీసేస్తే 44. 143 లోంచి మూడు 44లు తీసేస్తే 11. ఆ 11 శేషం లేకుండా 44ను భాగిస్తుంది. రెండు వేల ఏళ్ళనాటి యూక్లిడ్ పద్ధతితో, బడిపిల్లలు చేసే గ.సా.భా. లెక్కతో, రెండు తాళాలూ తెరుచుకున్నాయి. అసలు కీల్లో ఒక్కో సంఖ్యకు వందల అంకెలుంటాయి గాని లెక్క ఇదే. 2012లో నాడియా హెనింగర్ బృందం ఇంటర్నెట్ అంతటి నుంచి కీలు పోగుచేసి ఈ లెక్క వేస్తే, భద్రమైన వెబ్ అనుసంధానం ఇచ్చే యంత్రాల్లో 0.5 శాతానికి రహస్య కీలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం రౌటర్ల వంటి చిన్న పరికరాలు. అప్పుడే పుట్టి, ఏ రొదా వినకముందే కీ తయారుచేసుకోవడం వాటి జబ్బు. నకలుగా పుట్టే గెస్ట్‌ది కూడా అదే జబ్బు. 2010లోనే రిస్టెన్‌పార్ట్, యిలెక్ అనే పరిశోధకులు నిలిపి ఉంచిన గెస్ట్ స్థితిని రెండుసార్లు తిరిగి లేపితే అదే యాదృచ్ఛిక అంకెలు రెండుసార్లు వాడుకలోకి వస్తాయని నిరూపించారు.

పరిష్కారం అప్పటికే ఒక రూపంలో సిద్ధంగా ఉంది. ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ రస్టీ రస్సెల్ గెస్ట్‌లకు పరికరాలను చూపించే వర్టియో అనే ఉమ్మడి పద్ధతి తయారుచేశాడు. అందులో యాదృచ్ఛికత పరికరం వర్టియో ఆర్‌ఎన్‌జీ 2008 జూలైలో వచ్చిన లినక్స్ 2.6.26లో చేరింది. వర్టియో పరికరాల్లో దాని సంఖ్య 4. ఇంత సాదా పరికరం మరొకటి లేదు. గెస్ట్ ఒక ఖాళీ పాత్రను వరుసలో పెడుతుంది, హోస్ట్ అందులో కనీసం ఒక బైటు పోసి తిరిగిస్తుంది, అంతే. హోస్ట్ వైపు ఆ బైట్లు ఇచ్చే భాగం, గెస్ట్‌లను నడిపే క్యూఈఎంయూ సాఫ్ట్‌వేర్ 1.3లో, 2012 చివర, అందింది. గెస్ట్ లోపల ఆ పరికరం హెచ్‌డబ్ల్యూఆర్‌ఎన్‌జీ అనే ఫైలుగా కనిపిస్తుంది. మొదట్లో దాన్ని చదివి కెర్నెల్ మడుగులో పోయడానికి ఆర్‌ఎన్‌జీడీ అనే సహాయ ప్రోగ్రాము పెట్టుకోవలసి వచ్చేది. 2014 నుంచి కెర్నెలే ఆ పని చేసుకుంటోంది.

పంపకంలో తగవు కూడా వెంటనే వచ్చింది. హోస్ట్ మడుగు ఆ రోజుల్లో మెల్లగా నిండేది. వీధి కుళాయి దగ్గర మొదటి బిందె వాళ్ళు పక్కకు జరగకపోతే వెనకవాళ్ళ గతేమిటో, ఒక గెస్ట్ ఆగకుండా తోడుకుంటే మిగతా గెస్ట్‌ల గతీ అదే. అందుకని ఫలానా కాలంలో ఇన్ని బైట్లకు మించి ఇవ్వవద్దని హద్దు పెట్టే వీలు క్యూఈఎంయూలో కల్పించారు. ఇటువైపు గెస్ట్ నడిపేవాళ్ళ బాధ వేరు. యంత్రం లేచేటప్పుడు మడుగు నిండేదాకా కీ తయారీ నిమిషాల తరబడి ఆగిపోయేది. విసిగిపోయి చాలామంది ఆగని మార్గానికి దారి మళ్ళించేవారు. అంటే ప్రమాదానికే. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6తో మడుగు ఒకసారి సరిగా నిండాక మళ్ళీ ఆగనక్కరలేదని తేలడంతో ఆ తంటా చల్లారింది.

మరో దారి ప్రాసెసర్ లోపలే రొద పుట్టించడం. 2008లో ఇంటెల్ ప్రయోగశాలల్లో, అమెరికాలోని హిల్స్‌బరో, మన బెంగళూరు రెండు చోట్లా, అందుకు కావలసిన వలయం రూపకల్పన మొదలైంది. ఒకదాని నోట్లో మరొకటి తోక పెట్టుకున్న రెండు ఇన్వర్టర్లను, అంటే 0ను 1గా, 1ను 0గా తిప్పే చిన్న వలయాలను, గడియారం బలవంతంగా ఒకే స్థితిలో నిలబెట్టి వదిలేస్తుంది. ఏ వైపు పడాలో వేడివల్ల పుట్టే రొద నిర్ణయిస్తుంది. ఇలా సెకనుకు 300 కోట్ల సార్లు. 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో ఆర్‌డీర్యాండ్ అనే ఆదేశంగా ఇది అందరికీ దొరికింది. గెస్ట్ హోస్ట్‌ను అడగకుండా ఈ ఆదేశాన్ని నేరుగా వాడుకోవచ్చు. హోస్ట్ కావాలనుకుంటే అడ్డుకోనూ వచ్చు. ట్యూరింగ్ ఆదేశం అరవై ఏళ్ళకు తిరిగొచ్చిందనవచ్చు గాని, ఈసారి దాని మీద నమ్మకం అంత తేలిగ్గా కుదరలేదు. 2013లో అమెరికా నిఘా సంస్థల గుట్టు బయటపడ్డాక, చిప్ చెప్పిన అంకెను ఒక్కదాన్నే నమ్మకుండా ఇతర మూలాలతో కలిపి వాడాలనే వాదం గట్టిపడింది. 2019లో ఏఎండీ కొత్త ప్రాసెసర్లు కొన్ని ఆర్‌డీర్యాండ్ అడిగితే ప్రతిసారీ ఒకే జవాబు, అన్నీ ఒకట్లు, ఇచ్చాయి. 2020 జూన్‌లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు బయటపెట్టిన క్రాస్‌టాక్ లోపం ఇంకా ఘాటైనది. ఇంటెల్ చిప్‌లో ఒక కోర్ మీద గెస్ట్ తీసుకున్న యాదృచ్ఛిక అంకెలు పక్క కోర్ మీద నడిచే పొరుగు గెస్ట్‌కు కనబడే వీలుందని తేలింది.

ఇలాంటి వలయాలను తయారుచేయడం, పరీక్షించడం, పగలగొట్టడం నేర్చుకున్న చోట్లలో ఖరగ్‌పూర్ ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే జంక్షన్‌గా పుట్టి, 1904 నాటి వర్క్‌షాపుతో పెరిగిన ఊరది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి రైలు పనికి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్ని అంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి ఖరగ్‌పూర్ తెలుగువారే ముఖ్య కారణం. ఊరి పక్కనే హిజ్లీ. బ్రిటిష్ వాళ్ళు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన ఆ శిబిర భవనంలో 1951లో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది.

ఆ ఐఐటీ కంప్యూటర్ సైన్స్ విభాగంలో దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ, రజత్ శుభ్ర చక్రవర్తి హార్డ్‌వేర్ భద్రత మీద 2014లో ఒక పాఠ్యగ్రంథం వెలువరించారు. ముఖోపాధ్యాయకు 2021లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. వీళ్ళ బృందం ఎఫ్‌పీజీఏ అనే, కొన్నాక మనకు కావలసినట్టు అమర్చుకోగల చిప్ మీద ఒక నిజ యాదృచ్ఛిక సంఖ్యా జనకాన్ని రూపొందించింది. అందులో దాదాపు ఒకే వేగంతో, కొద్ది తేడాతో నడిచే రెండు గడియార సంకేతాలుంటాయి. ఒకటి రెండోదాన్ని ప్రతి చుట్టులోనూ ఒకసారి తొంగి చూస్తుంది. తేడా చిన్నది కాబట్టి రెండూ మెల్లగా ఎడమై, ఎన్నో చుట్ల తర్వాత మళ్ళీ కలుస్తాయి. ఎన్ని చుట్లకు కలిశాయో ఒక లెక్కింపు వలయం చెబుతుంది. గడియారాలు కచ్చితంగా నడిస్తే ప్రతిసారీ అదే సంఖ్య రావాలి. కానీ ట్రాన్సిస్టర్లలో వేడి పుట్టించే రొదవల్ల సంకేతం అంచులు అటూ ఇటూ వణుకుతాయి, సంఖ్య ప్రతిసారీ కొద్దిగా మారుతుంది. ఆ సంఖ్య చివరి బిట్లే పంట. వేగాల తేడాను చిప్ నడుస్తుండగానే సవరించుకునే వీలు ఈ రూపకల్పనలో కొత్తదనం.

అదే ఊళ్ళో రైల్వే వైపు లెక్క దీనికి పూర్తిగా ఎదురు. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ యార్డులో 800 రూట్లను నడిపే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు. ఒకే పరిస్థితికి ఎప్పుడూ ఒకే సిగ్నల్ పడాలి, లేకపోతే ప్రాణాలు పోతాయి. అక్కడ వణుకు లోపం, ప్రయోగశాలలో ముడిసరుకు.

వణుకు నుంచి వచ్చిన బిట్లలోనూ రాండ్ వాళ్ళు చూసిన ఒరుగుడు ఉంటుంది. దానికి ఖరగ్‌పూర్ బృందం వాడినది జాన్ వాన్ నాయ్‌మన్ పాత ఉపాయం. బిట్లను జంటలుగా తీసుకోవాలి. 01 వస్తే 0, 10 వస్తే 1. జంటలో రెండూ ఒకటే అయితే పారేయాలి. ఒకట్లు ఎక్కువగా వచ్చే యంత్రమైనా 01, 10 సమానంగానే వస్తాయి కాబట్టి ఒరుగుడు పోతుంది. దానికి వెల, సగం కంటే ఎక్కువ సరుకు పారబోయడం. ఆ తర్వాత అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ రూపొందించిన 15 గణాంక పరీక్షలు. మహలనోబిస్ తరం చూసుకున్న గుణాలే చాలావరకు ఈ పరీక్షలూ చూస్తాయి. ఏ అంకె ఎక్కువ వచ్చింది, వరుసలు ఎంత పొడుగున్నాయి వంటివి. అయితే నకలు తీసిన రెండు గెస్ట్‌లు ఒకే వరుస ఇచ్చినా, ఆ వరుస పదిహేను పరీక్షలూ హాయిగా నెగ్గుతుంది. పరీక్షకు ఒక్క వరుసే కనబడుతుంది, పక్కింట్లో అదే ఉందో లేదో అది అడగదు. ఈ రంగంలో పరీక్షా ఫలితం చూపించి భద్రత ఉందనడం చెల్లదు.

పక్కింటి సంగతి కనిపెట్టే ఏర్పాటు వేరుగా రావలసి వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2012లో, గెస్ట్‌లను నడిపే తన హైపర్-వీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి గెస్ట్‌కూ 128 బిట్ల తరం సంఖ్య ఒకటి కేటాయించింది. గెస్ట్‌ను పాత స్థితి నుంచి లేపినా, నకలు తీసినా హోస్ట్ ఆ సంఖ్య మారుస్తుంది. అది మారిందని చూసిన గెస్ట్ తన మడుగును కొత్త బైట్లతో తిరగతోడుకోవాలి. లినక్స్ ఈ సంకేతాన్ని వినడం 2022లో వచ్చిన 5.18తో మొదలైంది. అయినా నకలు కళ్ళు తెరిచిన క్షణానికీ, సంఖ్య మారిందని గ్రహించే క్షణానికీ మధ్య చిన్న ఖాళీ మిగులుతుంది. ఆ వ్యవధిలో కీ తయారుచేసుకునే ప్రోగ్రాము ఉంటే పాత ప్రమాదమే. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తెరిచిన క్లౌడ్ కేంద్రం లాంటి చోట క్షణాల్లో గెస్ట్‌లను లేపి పడుకోబెట్టడమే వ్యాపారం కాబట్టి, ఈ ఖాళీ సిద్ధాంత చర్చకు మాత్రమే పరిమితమైనది కాదు.

ఈలోగా హోస్ట్ మీద గురి కూడా కుదురుగా లేదు. హోస్ట్ నడిపేవాడు కూడా చూడలేకుండా మెమరీని సంకేతబద్ధం చేసుకునే గోప్య గెస్ట్‌లు ఇటీవలి ఏళ్ళలో వచ్చాయి. హోస్ట్‌నే అనుమానించే గెస్ట్ ఆ హోస్ట్ పోసిన బైట్లను మాత్రమే ఎలా నమ్ముతుంది? వర్టియో పరికరం ఇచ్చేది హోస్ట్‌కు తెలిసిన అంకెలే. గడియారమూ హోస్ట్‌దే. మిగిలింది ప్రాసెసర్ లోపలి రొద ఒక్కటే. 2024లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన మార్పు ప్రకారం, ఇంటెల్, ఏఎండీ చిప్‌ల మీది గోప్య గెస్ట్ లేచేటప్పుడు ఆర్‌డీర్యాండ్‌ను నేరుగా అడుగుతుంది. పలుమార్లు అడిగినా అంకెలు రాకపోతే ముందుకు సాగకుండా అక్కడికక్కడే ఆగిపోతుంది.